సైన్యానికి జీతం ఎవరిచ్చారు?
(సూరత్ చరిత్ర ధారావాహిక – 6వ భాగం)

సూరత్ గవర్నరు ఇనాయత్ ఖాన్ దగ్గర ఐదువందల మంది సైనికులుండాలి. వాళ్ళ జీతాలు మొగలు ఖజానా నుంచి అతనికి అందుతూనే ఉన్నాయి. అతను డబ్బు తీసుకున్నాడు, మనుషుల్ని పెట్టుకోలేదు. రెండు లక్షల మంది బతికే ఊరు అది. ఏటా 12 లక్షల రూపాయల దాకా సుంకం వచ్చే రేవు. హజ్ యాత్రికుల ఓడలు బయల్దేరే చోటు. అలాంటి ఊరికి సరైన ప్రహరీ కూడా లేదు. చుట్టూ ఓ మట్టిగోడ, తాపీ నది ఒడ్డున ఓ కోట, అంతే.

1664 జనవరి 5, మంగళవారం పొద్దున శివాజీ గణదేవి దాకా వచ్చేశాడని కబురొచ్చింది. ఇంగ్లీషువాళ్ళ పాత పంచాంగం ప్రకారం చెబుతున్నాను ఈ తేదీలు. గణదేవి సూరత్‌కు దక్షిణంగా 28 మైళ్ళు. దారిలో ఎవరడిగినా, మేం ఫలానా మొగలు సర్దారు దండులో వాళ్ళమని ఆ గుర్రపు రౌతులు చెప్పుకుంటూ వచ్చారు. మధ్యాహ్నానికల్లా నమ్మడానికేమీ మిగల్లేదు. జనం పిల్లల్ని చంకనేసుకుని, చేతికందింది మూటగట్టుకుని నది దాటి పల్లెలకు పరుగుపెట్టారు. డబ్బున్నవాళ్ళు కోట కాపలా అధికారికి లంచమిచ్చి లోపల చోటు సంపాదించుకున్నారు. వాళ్ళందరికంటే ముందే ఇనాయత్ ఖాన్ కోటలో దూరి తలుపులు మూయించుకున్నాడు.

యుద్ధాలు స్వేచ్ఛ కోసం జరుగుతాయా, సొమ్ము కోసం జరుగుతాయా అన్న ప్రశ్న ఈ ధారావాహిక మొదలైనప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. సూరత్ దగ్గరికొచ్చేసరికి దాన్ని తప్పించుకునే దారే లేదు. శివాజీ స్వరాజ్యం కోసం పోరాడిన మనిషి. అందులో నాకు సందేహం లేదు. ఆ శివాజీయే ఈ ఊరిని రెండుసార్లు కొల్లగొట్టాడు. ఒక సంగతి చెప్పి రెండోది దాచిపెట్టే పుస్తకాలు చాలా చదివాను. రెండింటినీ ఒకే చోట పెట్టి చూస్తేగాని ఆ నాలుగైదు రోజులు అర్థం కావు.

బుధవారం పదకొండు గంటలకు శివాజీ నగరం చేరుకుని, బుర్హాన్‌పూర్ దర్వాజా బయట పావుమైలు దూరాన ఉన్న తోటలో డేరా వేశాడు. గవర్నరూ, ఊళ్ళో పెద్ద షావుకార్లు ముగ్గురూ స్వయంగా వచ్చి ఎంతిస్తారో తేల్చుకోవాలని ముందురోజు రాత్రే ఉత్తరం పంపాడు. ఆ ముగ్గురూ హాజీ సయ్యద్ బేగ్, వీర్జీ వోరా, హాజీ కాసిం. జవాబు రాలేదు. మరాఠా రౌతులు వీధుల్లోకి దిగారు.

వీర్జీ వోరా జైనుడు. ప్రపంచంలోనే అందరికన్నా ధనికుడైన వర్తకుడని ఆ రోజుల్లో అతనికి పేరు. ఆస్తి 80 లక్షల రూపాయలని చెప్పుకునేవారు. సూరత్‌లోని ఇంగ్లీషు కంపెనీ సరుకు కొనడానికి చేతిలో డబ్బు లేనప్పుడు అప్పు కోసం ఈయన గుమ్మమే ఎక్కేది. డచ్చివాళ్ళ కోఠీకి (వర్తక స్థావరానికి) దగ్గర్లో ఉన్న ఆయన భవనాన్ని శుక్రవారం సాయంత్రం దాకా రాత్రనక పగలనక తవ్వుతూనే ఉన్నారు. నేల పెకలించి చూశారు. ఆఖరికి నిప్పు పెట్టారు. ఆ ఒక్క ఇంట్లోంచే 28 శేర్ల పెద్ద ముత్యాలు పోయాయని లెక్క. కెంపులు, పచ్చలు, రొక్కం వేరే.

ఇంగ్లీషు కోఠీని ఆనుకుని ఉన్న హాజీ సయ్యద్ బేగ్ ఇంటిదీ అదే గతి. ఆయన కోటలో ఉన్నాడు. ఇంటికి కాపలా మనిషి లేడు. బుధవారం మధ్యాహ్నం మొదలుపెట్టి గురువారం దాకా తలుపులూ పెట్టెలూ పగలగొడుతూనే ఉన్నారు. ఓ గోదాములో పీపాలు కనిపించాయి. లోపలేముందో చూద్దామని బద్దలు కొడితే పాదరసం. అది నేలంతా చిమ్మింది. ఎక్కడెక్కడి సముద్రాలో దాటి, పీపాల్లో భద్రంగా వచ్చిన సరుకు గచ్చు మీద గుండ్లు గుండ్లుగా దొర్లిపోతుంటే, దాన్ని ఏరుకోవడానికీ వీల్లేదు, మోసుకుపోవడానికీ వీల్లేదు. సూరత్ కొల్ల గురించి ఎప్పుడు ఆలోచించినా నా కళ్ళకు ముందు కనిపించేది ఆ గచ్చే.

మంటల గురించి ఇంగ్లీషు కోఠీ పాదరీ లెస్కాలియట్ ఇంగ్లండుకు రాసిన ఉత్తరంలో ఉంది. పగలు పొగ సూర్యుణ్ణి కమ్మేసి రాత్రి చేసిందట, రాత్రి మంటలు పగలు చేశాయట. కోటలో ఉన్నవాళ్ళు పేల్చిన ఫిరంగులు మరాఠాల కంటే ఊరివాళ్ళ ఇళ్ళనే ఎక్కువ పాడుచేశాయి.

అయితే శివాజీ అన్ని ఇళ్ళూ ముట్టుకోలేదు. కాపుచిన్ సన్యాసి ఫాదర్ ఆంబ్రోస్ ఇంటిని వదిలేయమన్నాడనీ, డచ్చివాళ్ళ దళారీగా ఉండి అప్పటికే చనిపోయిన ఓ హిందూ షావుకారు దానధర్మాలకు పేరుపడ్డవాడని తెలిసి ఆయన ఇంటినీ విడిచిపెట్టాడనీ ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు.

గురువారం నాడు గవర్నరు ఓ యువకుణ్ణి సంధి మాటల పేరుతో పంపాడు. ఆ షరతులు విని శివాజీ మండిపడ్డాడు. మేమేమైనా ఆడవాళ్ళమా అన్నాడు. మేమూ ఆడవాళ్ళం కాదంటూ ఆ కుర్రాడు బాకు దూసి మీదికి ఉరికాడు. అంగరక్షకుడు ఒక్క వేటుతో అతని చెయ్యి నరికేశాడు. అయినా ఆ ఊపుకు మొండిచేత్తోనే శివాజీని గుద్దుకుని, ఇద్దరూ కిందపడ్డారు. రక్తం చూసి తమ ప్రభువు పోయాడనుకున్న సైనికులు ఊళ్ళో పట్టుకున్న ఖైదీలను చంపెయ్యండని కేకలు పెట్టారు. శివాజీ లేచి ఆ ఊచకోత ఆపించాడు. ఆ తర్వాత ఖైదీలను తన ముందుకు రప్పించి నలుగురి తలలు, ఇరవై నలుగురి చేతులు నరికించాడు.

ఆ ఖైదీల వరసలో ఆంటొనీ స్మిత్ అనే ఇంగ్లీషువాడు కూడా ఉన్నాడు. తన వంతు వచ్చి కుడిచెయ్యి నరకమనగానే, దానికన్నా తల తీసెయ్యమని హిందుస్తానీలో అరిచాడు. తల నరకడానికి టోపీ తీశారు. శివాజీ ఆపమన్నాడు. స్మిత్ బతికి బయటపడి చూసిందంతా చెప్పాడు కాబట్టే మనకీ సంగతి తెలిసింది. ఆ ఇరవై నలుగురిలో ఒక్కరి పేరూ ఎవరూ రాయలేదు. వాళ్ళు నేతగాళ్ళో, హమాలీలో, గుమాస్తాలో. చేతులతోనే బతికేవాళ్ళు.

ఆదివారం, 10వ తేదీ ఉదయం పది గంటలకు మరాఠాలు వెళ్ళిపోయారు. మొగలు సైన్యం 17న వచ్చింది. పోయిన సొమ్ము కోటి రూపాయల పైమాటేనని అంచనా.

ఇప్పుడు శివాజీ వైపు నుంచి చూద్దాం. తాను ఇంగ్లీషువాళ్ళకో, మిగతా వర్తకులకో హాని చెయ్యడానికి రాలేదని అతను అప్పుడే చెప్పాడు. తన దేశం మీదికి దండెత్తి, తన బంధువుల్ని కొందరిని చంపిన ఔరంగజేబు మీద పగ తీర్చుకోవడానికి వచ్చానన్నాడు. ఈ మాట ఊరికే అన్నది కాదు. 1660లో షాయిస్తా ఖాన్ మొగలు సైన్యంతో వచ్చి పుణేలో కూర్చున్నాడు. శివాజీ చిన్నప్పుడు పెరిగిన లాల్ మహల్‌లోనే కాపురం పెట్టాడు. ఆ ఏడాదే చాకణ్ కోట పడిపోయింది. మూడేళ్ళపాటు మొగలు గుర్రాలు మరాఠా రైతుల పంటలు మేశాయి. 1663 ఏప్రిల్‌లో ఓ రాత్రి శివాజీ లాల్ మహల్‌లోకి చొరబడితే షాయిస్తా ఖాన్ వేళ్ళు పోగొట్టుకుని ప్రాణాలతో బయటపడ్డాడు. దేశం మాత్రం అప్పటికే ఎండిపోయింది. పన్ను కట్టవలసిన పల్లెలు పన్ను కట్టలేవు. సైన్యాన్ని మాత్రం నిలబెట్టాలి. శత్రువు ఖజానా నిండేది సూరత్ సుంకాలతో. అక్కడికి వెళ్ళి తెచ్చుకోవడం తప్ప ఇంకో దారి అతనికి కనిపించలేదు.

ఈ వాదన మన తెలుగువాళ్ళకు కొత్తగా ఉండక్కర్లేదు. సూరత్ కాలడానికి సరిగ్గా ఎనిమిదేళ్ళ ముందు, 1656 జనవరిలో హైదరాబాద్ దోపిడీ అయింది. అప్పుడు దక్కన్ సుబేదారు ఔరంగజేబు. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా కొడుకును కుతుబ్ షా ఖైదు చేశాడు, అతన్ని విడిపించాలి అన్నది చెప్పిన కారణం. ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్ సైన్యంతో నగరంలోకి దిగాడు, కుతుబ్ షా గోల్కొండ కోటకు పారిపోయాడు, ఊరిని దోచుకున్నారు. ఖైదీని విడిపించడానికి హైదరాబాద్ బజారును దోచవలసిన పనేమిటని ఆ వర్తకులు అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళు? గోల్కొండ వజ్రాలూ, పేష్‌కష్ (కప్పం) బకాయిలూ ఆ దండయాత్ర వెనక ఉన్నాయన్నది ఆ రోజుల్లోనే అందరికీ తెలిసిన సంగతి. కాబట్టి 1664లో సూరత్‌ను చూసి మొగలు దర్బారు దోపిడీ అని గుండెలు బాదుకోవడానికి ఏ హక్కూ లేదు.

మరో సంగతి నన్ను బాధిస్తుంది. సూరత్ మంటలను చూసి ఉత్తరాలు రాయడానికి ఇంగ్లీషు పాదరీ ఉన్నాడు, డచ్చి గుమాస్తాలున్నారు, యాత్రికులున్నారు. మరుసటేడు, 1665లో, మొగలు సేనాని మీర్జా రాజా జయసింగ్ శివాజీ కోట పురందర్‌ను ముట్టడించినప్పుడు అతని సర్దారు దావూద్ ఖాన్ కొండ పల్లెలను సుమారు యాభైదాకా తగలబెట్టాడు. ఆ పల్లెల్లో ఎవరింట్లో ఏం పోయిందో లెక్క రాసినవాడు లేడు. వోరా ముత్యాలు శేర్లతో సహా తెలుసు. ఆ మావళ కొండల రైతు గాదెలో ఎన్ని పుట్ల జొన్నలు కాలాయో ఎప్పటికీ తెలియదు. ఆ రైతు చేసిన యుద్ధం స్వేచ్ఛ కోసమే. ఇల్లు కాలినవాడికి ఇంకో కారణం అక్కర్లేదు.

అయితే ఇక్కడితో ఆగితే నేను శివాజీ వకీలునవుతాను. మొగలుల మీద పగతోనే సూరత్‌కు వెళ్ళాడంటే ఒప్పుకుంటాను. మరి 1665 ఫిబ్రవరిలో ఓడలు కట్టుకుని కన్నడ తీరాన బస్రూరును కొల్లగొట్టాడే, అది ఔరంగజేబు ఊరు కాదు. కెళది నాయకుల రాజ్యంలోది. ఆ బస్రూరు వర్తకులు పుణే మీదికి ఎన్నడూ రాలేదు. అక్కడికి తీసుకెళ్ళింది సొమ్మే. సూరత్‌లో చెప్పిన న్యాయం బస్రూరులో నిలవదు. స్వరాజ్యం కోసం పుట్టిన సైన్యమైనా, పుట్టాక దానికి రోజూ తిండి పెట్టాలి. తిండి ఉన్న వైపుకు అది నడుస్తుంది.

జయసింగ్‌తో చేసుకున్న పురందర్ సంధిలో శివాజీ 23 కోటలు వదులుకున్నాడు. 1666లో ఔరంగజేబు దర్బారుకని ఆగ్రా వెళ్ళి, అక్కడి నిర్బంధం తప్పించుకుని వచ్చాడు. 1670లో మళ్ళీ యుద్ధం. ఆ ఏడు అక్టోబరు 3న పదిహేను వేల మందితో రెండోసారి సూరత్ మీద పడ్డాడు. ఈసారి పోయింది 66 లక్షలని మొగలు అధికారుల విచారణలో తేలింది. ఫ్రెంచివాళ్ళు రాజీ పడ్డారు. ఇంగ్లీషు కోఠీని కాపాడినవాడు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్. తర్వాత మద్రాసు గవర్నరై, మన మచిలీపట్నం కోఠీ లెక్కలు తనిఖీ చెయ్యడానికి వచ్చింది ఇతనే.

1677లో శివాజీ హైదరాబాద్ వచ్చాడు. అప్పటికి ఛత్రపతి. గోల్కొండలో మంత్రులు మాదన్న, అక్కన్నలు చక్రం తిప్పుతున్న రోజులవి. ఆ అన్నదమ్ములు కుదిర్చిన ఒప్పందం ప్రకారం కర్ణాటక దండయాత్ర ఖర్చుకు కుతుబ్ షా రోజుకు మూడు వేల హొన్నులిస్తాడు, ఫిరంగి దళం ఇస్తాడు. గెలిచినదాంట్లో తన వాటా తనకు రావాలి. దక్కనుకు మొగలు పీడ తప్పించడం అందరికీ కావలసిందే, అది పైకి చెప్పిన మాట కూడా. శివాజీ శ్రీశైలం వెళ్ళి మల్లన్నను సేవించుకుని దక్షిణానికి కదిలాడు. జింజీ పట్టుకున్నాడు. వేలూరు అతని చేతికే వచ్చింది. కుతుబ్ షాకు మాత్రం ఆ కోటల్లో వాటా దక్కలేదు. శ్రీశైలం ఉత్తర గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురమంటాం. ఏళ్ళ తరబడి పన్ను కట్టిన గోల్కొండ రైతు డబ్బు ఆ కర్ణాటక కోటల గోడల్లో ఎంతుందో ఎవరూ అడగరు.

ఇంతకీ సూరత్ పోగొట్టుకున్నది ఎవరికి చేరింది? రొక్కం శివాజీ కోట రాజ్‌గడ్‌కు చేరిందన్నది నిజం. ఊరికి ఉన్న నమ్మకం మరో చోటికి పోయింది. 1664లో ఇంగ్లీషు కోఠీ పెద్ద సర్ జార్జ్ ఆక్సెండన్ రెండు వందల మందిని పోగేసి, డప్పులూ బాకాలూ మోగిస్తూ వీధుల్లో నడిపించి, కోఠీని నిలబెట్టుకున్నాడు. కంపెనీ సరుకు కోసం చేసిన పని అది, అతను వేరే పేరేమీ పెట్టలేదు. గవర్నరు దాక్కున్న ఊళ్ళో తెల్లవాడు నిలబడ్డాడన్న మాట మాత్రం జనంలోకి వెళ్ళింది. ఔరంగజేబు సూరత్ వర్తకులకు ఏడాదిపాటు సుంకం మాఫీ చేసి, ఇంగ్లీషు, డచ్చివాళ్ళకు మాత్రం దిగుమతి సుంకంలో అరశాతం తగ్గింపును ముందుముందుకూ ఇచ్చాడు. 1668లో ఇంగ్లండు రాజు బొంబాయి దీవిని ఏడాదికి పది పౌన్ల కౌలుకు కంపెనీకి అప్పగించాడు. దోపిడీల భయంతో విసిగిన వర్తకులకు సముద్రం మధ్య ఆ దీవి నెమ్మదైన చోటుగా కనిపించడం మొదలైంది. 1687లో కంపెనీ తన పశ్చిమ తీరపు ముఖ్య కార్యాలయాన్నే అక్కడికి మార్చేసింది. బొంబాయి పెరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఈ భయం మాత్రం వాటిలో చిన్నది కాదు. 1759లో సూరత్ కోట మీద కంపెనీ జెండా ఎగిరింది. ఆ కథ రాబోయే భాగాల్లో వస్తుంది.

ఇప్పటి సూరత్‌లో, లింబాయత్, ఉధ్నా పేటల్లో మగ్గాల మీద బతుకుతున్న మన పద్మశాలీ కుటుంబాల పిల్లలు సెలవు రోజున చౌక్ బజారు వెళితే ఆ కోటను చూడవచ్చు. బాగుచేసి మ్యూజియం పెట్టారు. కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఇంగ్లీషు శ్మశానంలో ఆక్సెండన్ అన్నదమ్ముల గోరీ రెండంతస్తుల గుమ్మటంతో మసీదంత ఠీవిగా నిలబడి ఉంది. వోరా భవనం ఎక్కడుండేదో గుర్తుపట్టి చూపించడానికి అక్కడ ఏ రాయీ లేదు.

రెండో కొల్ల తర్వాత శివాజీ సూరత్ నుంచి చౌత్ అడగడం మొదలుపెట్టాడు. ఆ జిల్లాలో మొగలు రాబడిలో నాలుగో వంతు. 1672లో అప్పటి గవర్నరుకు మూడోసారి, ఇదే ఆఖరని చెబుతూ ఉత్తరం రాశాడు. నా జనాన్నీ నా దేశాన్నీ కాపాడుకోవడానికి సైన్యాన్ని పెట్టుకునేలా మీ పాదుషానే నన్ను బలవంతం చేశాడు, కాబట్టి ఆ సైన్యానికి జీతం అతని ప్రజలే ఇవ్వాలి అన్నది దాని సారాంశం. త్వరగా పంపకపోతే నాకోసం ఓ పెద్ద ఇల్లు సిద్ధం చేసి ఉంచండి, నేనే వచ్చి కూర్చుని సుంకాలు వసూలు చేసుకుంటాను అని కూడా రాశాడు. స్వేచ్ఛా, సొమ్మూ రెండూ ఒకే వాక్యంలో, ఏ దాపరికం లేకుండా ఉన్నాయి. ఇంత సూటిగా రాసిన రాజు చరిత్రలో నాకు ఇంకొకడు కనిపించలేదు.

మొదటి ఉత్తరం రాగానే గవర్నరు షావుకార్లను పిలిపించాడు. ఐదువందల గుర్రపు రౌతులను రెండు నెలలు కాపలా పెట్టడానికి 45 వేల రూపాయలు కావాలన్నాడు. ఇళ్ళ లెక్క రాయడానికి మనుషులు బయల్దేరారు. కొంత డబ్బు వసూలైంది. ఒక్క రౌతూ రాలేదు. ఆ డబ్బు గవర్నరు జేబులోకి పోయింది. ఇనాయత్ ఖాన్ నాటి అదే అంకె, ఐదువందలు.

మూడో ఉత్తరం వచ్చిన రాత్రి హిందూ వర్తకులు గవర్నరు ఇంటికి వెళ్ళారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ భరూచ్‌కో మరో ఊరికో పంపించుకుంటాం, సెలవిప్పించండి అని అడిగారు. అర్ధరాత్రి దాటేదాకా కూర్చోబెట్టి సరేనన్నాడు. తెల్లారాక కుదరదన్నాడు. మళ్ళీ సభ పెట్టాడు. శివాజీకి ఇచ్చెయ్యడానికి రైతులు లక్ష, వర్తకులు రెండు లక్షలు కట్టాలన్నాడు. రాత్రంతా బేరం సాగింది. మూడు లక్షలు దిగి దిగి అరవై వేలకు వచ్చింది.

ఆ డబ్బు శివాజీకి చేరదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా ఇళ్ళకు వెళ్ళిపోయారు.